ఐదు రోజులా, రెండేళ్ళా

జూన్ 2, సోమవారం

ఎథికల్ హ్యాకింగ్ ఎగ్జామ్‌కి ట్రైనింగ్ ఎంత కావాలని నన్నడగని మనిషి మా పేట సిద్ధగోరాలో లేడు. ఇదిగో, రాసి పెడతన్నాను. ఐదు రోజుల క్లాసు, లేపోతే రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్. క్లాసు కలకత్తాలో. ఆఫీసులో అన్ని రోజులు చుట్టీ ఇవ్వరు. ఎక్స్‌పీరియన్స్ నాకు నాలుగేళ్ళుంది. అది నిజమేనని మా మేనేజరు చెప్పాలి. ఆయనకి ఒక మెయిల్ వత్తాది, లింకు నొక్కి అవుననాలి. అంతే.

నాన్న మూడేళ్ళు అప్రెంటిస్ చేసి ఫిట్టరయ్యారు. ఐదు రోజుల్లో ఏ పనీ రాదట. పోనీ రెండేళ్ళ అనుభవం చూపిత్తానంటే, హ్యాకింగంటే దొంగతనమే కదా, రెండేళ్ళనించి దొంగతనాలు చేత్తన్నావేటే అన్నారు. నవ్వుతానే అన్నారు గానీ నాకు ఒళ్ళు మండింది.

జూన్ 4, బుధవారం

గోల్‌మురిలో మా ఆఫీసు. మిల్లులకి బేరింగులు సప్లై. కాగితం మీద నేను టైపిస్టుని. వైరస్ వత్తే నేను, సర్వర్ పడిపోతే నేను, ఎవడి ఎకౌంట్లో ఎవడు దూరినా నేనే. ఈ సంగతి తెలిసినోడు మధుసూదన్ సారు ఒక్కరే, మా మేనేజరు. ఈ ముప్పైన రిటైరైపోతన్నారు. కొత్తగా వచ్చేవాడికి నేను టైపిస్టునే. ముప్పై లోపల సారు అవుననకపోతే నా నాలుగేళ్ళూ గంగలో కలిసినట్టే.

చిక్కేటంటే, సారు తన మెయిల్ తను తెరిచి ఎరగరు. పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. నేను చదివి వినిపిత్తాను, ఆయన చెప్పింది టైప్ కొట్టి పంపిత్తాను.

జూన్ 8, ఆదివారం

తన కోడలి వాట్సాప్ తెరిచి పెట్టగలవా అని చర్చిలో ఫ్లోరెన్స్ ఆంటీ అడిగింది, అదీ ప్రార్థన మధ్యలో.

జూన్ 11, బుధవారం. 10:40

మెయిల్ వచ్చింది. సారు ఇన్‌బాక్స్‌లోకి, అంటే నా కళ్ళ ముందుకే. ఈమె మీ దగ్గర సెక్యూరిటీ పని చేసిందా, నమ్మదగిన మనిషేనా అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు అడిగారు. సారుకి చెప్పాను. ఆయన టీ తాగుతా, రోజూ చేసే పనే కదమ్మా, అదేదో నువ్వే నొక్కీ అన్నారు.

నేను నిజాయితీ గల మనిషినని నేనే చెప్పుకోవాలా? మీరే నొక్కాలి సార్ అన్నాను. దేఖేంగే బేటా, చూద్దాంలే అన్నారు.

జూన్ 16, సోమవారం

ఇంకా దేఖేంగే.

జూన్ 19, గురువారం. లంచ్ టైము

సారు భోజనానికెళ్ళారు. మెయిల్ తెరిచి, మౌస్ మీద చెయ్యేశాను. ఎవడికీ తెలీదు. లాగ్‌లో, అంటే ఎవరెక్కడ నొక్కారో రాసుకునే చిట్టాలో, నా కంప్యూటర్ పేరు పడతాది, ఆ లాగ్ చూసేది కూడా నేనే. అయినా చెయ్యి తీసేశాను.

సారు రాగానే కొత్త పాస్‌వర్డ్ ఆయన చేతే పెట్టించాను. పెడతన్నంతసేపు గోడ వైపు తిరిగి నిలబడ్డాను. అరగంట పట్టింది. ఇంక మీ మెయిల్ మీరే చూసుకోండన్నాను. రిటైరయ్యే ముందు నాకీ శిక్షేటని సారు ముఖం మాడ్చుకున్నారు.

జూన్ 23, సోమవారం

నా తలరాత. సర్టిఫికెట్ వాళ్ళ దగ్గర్నించి జవాబొచ్చింది. ఇది మోసమని మీ మేనేజరు రిపోర్ట్ కొట్టారు, అప్లికేషన్ ఆపేశాం అని.

సారు దగ్గరికి పరిగెత్తాను. ఆయన మంచి హుషారుగా ఉన్నారు. నీ పేరు పెట్టుకుని ఎవడో లింకు పంపాడమ్మా, పట్టేశానన్నారు. ఆఫీసంతటికీ మెయిల్ కూడా కొట్టారు, ఒంటి వేలితో. జెన్సీ పేరుతో, అంటే నా పేరుతో, వచ్చే లింకు ఎవరూ ముట్టుకోవద్దట. పన్నెండు రోజులుగా నేను మొత్తుకుంటన్నది దాని గురించే కదా సార్ అన్నాను. అదని నాకేం తెలుసు, గడువైపోతంది తొందరగా నొక్కమని ఉంది, అలాంటివి నొక్కొద్దని గోడకి కాగితం అంటించింది నువ్వే కదా అన్నారు.

నాలుగేళ్ళుగా ఆ కాగితం ఒక్కడూ చదివిన పాపాన పోలేదు. చదవక చదవక ఇప్పుడు సారు చదివారు. బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను, అచ్చంగా కోపంతోనే.

జూన్ 26, గురువారం

సారు సర్టిఫికెట్ వాళ్ళకి ఉత్తరం రాశారు. నన్ను కీబోర్డ్ ముట్టుకోనివ్వలేదు. రెండు గంటలు పట్టింది. నాకూ ఒక కాపీ పంపారు. ఆ మెయిల్‌ని మోసమనుకోవడం తన తప్పేనట. అలా అనుమానించడం నేర్పింది ఈ అమ్మాయేనట. నాలుగేళ్ళనించి అందరికీ నేర్పతందట, తనకి మాత్రం మొన్ననే వచ్చిందట. అన్నీ స్పెల్లింగ్ తప్పులే. ఇంటికొచ్చి నాన్నకి చదివి వినిపించాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చదవమన్నారు.

జూన్ 30, సోమవారం. 4:50

నా అప్లికేషన్ అప్రూవ్ అయింది. చెప్దామని వెళ్తే సారు అప్పటికే దండేయించుకుని వెళ్ళిపోయారు.

5:00

మధుసూదన్ సారు ఎకౌంట్ మూసెయ్యమని పైనించి ఆర్డరు. నోటిమాట కాదు, రాసిచ్చిందే. సారు రాసిన తప్పుల ఉత్తరం ఇంకోసారి చదువుకున్నాను. తరవాత నేనే నొక్కాను.