ఖాలిదా అనే మాట

ఖాలిదక్కకు నీ తమ్ముడి సలాం.

శుక్రవారం ఉన్నట్టుండి ఫోన్ చేసి "అన్నం తింటివా?" అని మాత్రం అడిగి పెట్టేశానని, నా ఉద్యోగం పోయిందేమోనని బావతో అన్నావట. ఉద్యోగం ఉంది. జరిగింది వేరు.

ఇక్కడ దమ్మామ్‌లో మా ల్యాబులో మనిషి కణాలను పెంచుతాం. వాటిలోకి ఒక జన్యువును ఎక్కించి, దాన్ని విడవకుండా పట్టుకున్న కణాలనే ఏరి పెంచి, కొత్త మందులు ముందు వాటి మీద వేసి చూస్తాం. ఎన్ని తరాలైనా పెరుగుతూనే ఉంటాయి కాబట్టి మా సౌదీ మేడం వాటిని ఖాలిదా అంటుంది. అరబ్బీలో ఆ మాటకు చావు లేనిది అని అర్థం. నీకా పేరు పెట్టిన అబ్బకు ఈ సంగతి తెలుసో లేదో.

ఆ రోజు నమాజు చేసి వస్తుంటే, నాతో పనిచేసే హైదరాబాదు ఫారూఖ్ ఫోన్ చేసి, "ఖాలిదా మర్ గయీ భాయ్, జల్దీ ఆవ్" అన్నాడు. ఖాలిదా చచ్చిపోయింది, తొందరగా రా అని. నాకు కణాలు గుర్తు రాలేదక్కా. రోడ్డు మీదే నిలబడి నీకు ఫోన్ చేశాను. "తింటిలే, యాలరా?" అని నువ్వు కసురుకున్నాకే ల్యాబుకు బయల్దేరాను.

కణాలు పెంచే ఫ్లాస్కుల్లో బూజు పట్టి అవి చచ్చాయి, అంతే. అవే కణాలను చిన్న గొట్టాల్లో గడ్డకట్టించి దాచి ఉంచాం. ఒకటి కరిగించి మళ్ళీ మొదలుపెట్టాం.

నీ రొమ్ములో గడ్డకు పరీక్ష చేయించుకోమంటే రంజాన్ అయిపోనీ, పెళ్లిళ్లు అయిపోనీ అంటున్నావు. సోమవారం బావతో కర్నూలుకు పో. నిన్ను మేం ఏ గొట్టంలోనూ దాచిపెట్టుకోలేదు.

నీ తమ్ముడు