బతుకమ్మకు కొన్న కారు

ఆదిలాబాద్

చెల్లె స్వరూపకు,

అన్న రాజేశం దీవెనలతో రాసేది. ఇక్కడ నేను, మీ వదిన, పిల్లలు బాగానే ఉన్నాము. అక్కడ నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. మీ అత్తమ్మకు దగ్గు తగ్గిందా? ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెట్టి వంట చేసుకుంటూ మాట్లాడతావు, ఇల్లంతా వింటుంది. ఇది నువ్వొక్కదానివే చదవాలి.

ఇక్కడ చలి మొదలైంది. పొద్దున్నే పనికి పోతుంటే చెవులు మొద్దుబారుతున్నాయి. పత్తి వస్తోంది కాబట్టి జిన్నింగు మిల్లులో కాంటా దగ్గర పొద్దంతా నిలబడే ఉంటున్నాను. ఈ ఊరికి వచ్చి ఇన్నేళ్లయినా జొన్నరొట్టె నాకు అలవాటు కాలేదు, రాత్రి అన్నం లేకపోతే తిన్నట్టే ఉండదు. అయినా బాగానే ఉన్నాము, మా గురించి ఫికరు పెట్టుకోకు.

అసలు సంగతి, కారు కొన్నాను. పాతదే. తమ్ముడు తిరుపతి ఈపాటికి చెప్పే ఉంటాడు, నవ్వుతూ చెప్పి ఉంటాడు. వాడు దుబాయి నుంచి వచ్చి, కరీంనగర్‌లో దుకాణం పెట్టి, కొత్త కారు కొన్నప్పటి నుంచి నాకు కడుపు మండుతూనే ఉంది. దాచడమెందుకు. ఆ తెల్ల రంగు, ఆ నెత్తి మీద కిటికీ. ఎండ కావాలంటే కారు దిగి నిలబడితే చాలదా? నీ పిల్లలు ఆ కిటికీలోంచి తలలు బయటపెట్టిన ఫోటో పంపావు చూడు, దాన్ని మీ వదిన వాడకట్టంతా చూపించింది. నేను ఒక్కసారి చూసి ఫోన్ పక్కన పడేశాను. తర్వాత మళ్లీ చూశాననుకో.

వాడికి కారు ఉన్నందుకు కాదు నా బాధ. అవ్వ, బాపు పోయాక నీకు తల్లిగారిల్లంటే మా ఇద్దరి ఇళ్లే. బతుకమ్మకు ఆడబిడ్డను అన్నదమ్ములు వచ్చి తీసుకుపోవాలి. కారు వచ్చినప్పటి నుంచి నువ్వు వాడి ఇంటికే పోతున్నావు. లక్సెట్టిపేట నుంచి ఇద్దరు పిల్లలతో బస్సులు మారి ఆదిలాబాద్ రావడం కష్టమని నువ్వన్నది నిజమే. ఈసారి ఆ బస్సు మాటే రాకుండా చేద్దామనుకున్నాను.

నా దగ్గరున్న డబ్బుకు ఏ కారు వస్తుంది? మొదట మిల్లులో నాతో పనిచేసే గణపత్ ఒకటి చూపించాడు. సరిహద్దు అవతలిది, మహారాష్ట్ర నంబరు, చాలా చౌక. మళ్లీ ఆయనే నన్ను పక్కకు పిలిచాడు. "భావూ, గాడీ మస్తుగున్నది. కని ఈడ నంబరు మార్చుకోవాలె, టాక్స్ కట్టాలె. చౌకని కొని పరేషాన్ గావద్దు" అన్నాడు. వదిలేశాను.

రెండోది మంచిర్యాలలో, తెల్లది, తళతళ మెరుస్తోంది. తెల్లది కదా అని నా ప్రాణమంతా దాని మీదికే పోయింది. మీ వదిన వెనక సీట్లో కూర్చుని ముక్కు మూసుకుంది.

"గిది వరదల మునిగిన బండి. తడిసిన బియ్యం సంచి వాసనొస్తలేదా నీకు?" అంది.

నాకు రాలేదు. కాళ్ల కింది పట్టా లేపి చూస్తే గోదావరి ఒండ్రు అట్టకట్టి ఉంది.

చివరికి నిర్మల్‌లో రిటైరైన ఒక సారు దగ్గర కొన్నాము. చిన్న కారు, వంకాయ రంగు. ఆయనొక్కడే నడిపాడు. ఇంజను ముందే వేడిచేసి పెట్టొద్దని చెప్పి, పొద్దున్నే పోయాము. తాళం తిప్పగానే స్టార్టయింది, పొగ లేదు. వెంట తీసుకుపోయిన మెకానిక్ కిందికి దూరి చూసి, "తీస్కో అన్నా, గీ పైసలకు గింతకన్న మంచిది దొరకది" అన్నాడు. అరిగిన టైర్లు మార్పించాను. గుట్ట ఎక్కేటప్పుడు ఏసీ ఆపుకోవాలి, అంతే. రంగు మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలేదు.

ఇప్పుడు నీకు తెలియని సంగతి రాస్తున్నాను. సద్దుల బతుకమ్మకు ముందు రోజు నేను, మీ వదిన ఆ కారులో లక్సెట్టిపేట వచ్చాము. నీకూ పిల్లలకూ చోటుండాలని మా పిల్లలను పక్కింట్లో వదిలాము. వస్తున్నామని ఎవరికీ చెప్పలేదు. నీకు చెబితే తమ్ముడికి చెబుతావు, వాడు నాకంటే ముందు వచ్చి వాలతాడు. ఆడబిడ్డను తీసుకుపోయేవాడు కబురు పెట్టి రావాలని నాకు తెలియక కాదు.

మీ వదిన దారి పొడుగునా పోరుతూనే ఉంది. "ఒక్క ఫోను జెయ్. చెప్పకుంట పోతె స్వరూప మాత్రం ఏం జేస్తది?"

"కారు జూస్తె అదే వస్తది" అన్నాను.

మీ గల్లీ మలుపు తిరిగేసరికి తెల్ల కారు మీ ఇంటి ముందు ఉంది. తమ్ముడు నీ సంచీ డిక్కీలో పెడుతున్నాడు. నువ్వు ఏదో అన్నావు, వాడు విరగబడి నవ్వాడు. నీ చిన్నది అప్పటికే సీటెక్కి పైకిటికీలోంచి తొంగిచూస్తోంది. "దిగు, పలకరించి పోదాం" అంది మీ వదిన. కారు వెనక్కి తిప్పాను. ఎవరో దారి తప్పి వచ్చారనుకుని ఉంటావు.

జన్నారంలో ఆగాము. అక్కడ చాయ తాగుతూ మీ వదిన అడిగింది. "తిర్పతి మీద గింత కుళ్లుకుంటున్నవ్. ఆయన వినాయక చవితి నాడే ఫోన్ జేసి రమ్మంటడు. నువ్వు ఎన్నడన్న రమ్మన్నవా?"

ఆలోచించాను. ప్రతి ఏడూ 'వీలైతే రా' అనేవాణ్ని. చాయ చల్లారిపోయింది, అలాగే తాగాను.

నీ కోసం కొన్న చీర ఇక్కడే ఉంది, ఎవరైనా వస్తే పంపిస్తాను. మీ అత్తమ్మ ఈసారి చింతకాయ తొక్కు పెడితే మాకొక డబ్బా తీసిపెట్టు. ఆమెకు మా ఇద్దరి దండాలు, మమ్మల్ని చల్లగా దీవించమను. బావను అడిగామని చెప్పు. పిల్లలకు ముద్దులు.

చెల్లె, వచ్చే బతుకమ్మకు మా ఇంటికి రా. వీలైతే అనడం లేదు, రమ్మంటున్నాను. ఏడాది ముందు పిలుపేమిటని నవ్వకు. వినాయక చవితికి తమ్ముడు ఫోన్ చేస్తే, అన్న చలికాలంలోనే అడిగాడని చెప్పు.

నీ అన్న,
రాజేశం