అబ్బాయి వైపు వెనక, అమ్మాయి వైపు ముందు

వదినగారికి నమస్కారాలు.

మీకు ఫోన్‌లో మాట సరిగా వినిపించదని కోడలు చెప్పింది. అందుకని ఈ కాగితం కీబోర్డు కింద పెట్టి వెళ్తున్నాను. పొద్దున నా వంతు, మధ్యాహ్నం నుంచి మీ వంతు. నడుమ కోడలు భోజనానికొచ్చి పిల్ల దగ్గర కూర్చునే కాసేపట్లో నా బస్సు వెళ్లిపోతుంది, మీ బస్సు ఇంకా రాదు. చూడబోతే మన మనవరాలు పిచ్చుక కన్ను బాగయ్యేదాకా మనం ఒకరి మొహం ఒకరం చూసుకునే యోగం లేనట్టుంది.

విషయం చిన్నదే. ఆపరేషన్ అయిన కంట్లో చుక్కలు వేళ తప్పకుండా పడాలని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. అందుకే కదా మావాడు ముందుగదిలో కంప్యూటర్‌కి గంట మోగే ఏర్పాటు చేసి, చుక్క వేశాక మీట నొక్కితే ఆ వేళ దానంతటదే నమోదయ్యేలా పెట్టాడు. ఈ పొద్దున తెరిచేసరికి దాని గడియారం అయిదున్నర గంటలు వెనక నడుస్తోంది. మోగాల్సిన గంట మోగలేదు. నా చేతికి గడియారం ఉండబట్టి సరిపోయింది. చుక్క వేసి, వేళ సరిదిద్దాను.

నిన్న మీ చెయ్యి పొరపాటున ఎక్కడైనా తగిలిందేమో గమనించగలరు. తప్పుపట్టడం కాదు.

ఇట్లు,
పొద్దుటి వదిన

తా.క.: రైల్వే స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని, ఆలస్యానికి చింతిస్తున్నామని ఉద్యోగమంతా చెప్పినదాన్ని. అందులో ఒక్క ఆలస్యం కూడా నాది కాదు.


వదినగారూ, నమస్కారం. ఇక్కడ పిల్లా నేనూ క్షేమం. గడియారం మాత్రం క్షేమంగా లేదు.

మీ ఉత్తరం చదివి, ఎక్కడ తగిలావే అని నా చేతినే అడిగాను. ఎంతమంది పెళ్లిబట్టల మీదో పూలు కుట్టిన చెయ్యి అది, ఎంతోమంది ఆడపిల్లలకి కుట్టుపని నేర్పిన చెయ్యి. పొరపాటున తగలడం దానికి అలవాటు లేదు.

మీరు వెనక అంటున్నారు. నేను తెరిస్తే అయిదున్నర గంటలు ముందుంది. తెరవగానే గంట కూడా మోగింది. టిక్కుటిక్కుమంటే పిల్లకి నిద్ర పట్టదని గోడ గడియారం తీసేశారాయె. నాకేమో చేతికి పెట్టుకునే అలవాటు లేదు. యంత్రం చెప్పింది కదా అని సీసా మూత తీసి, పిల్ల రెప్ప పట్టుకున్నాను. నానమ్మ ఇందాకే కదా వేసింది అంది పిల్ల. అదిరిపడి చెయ్యి వెనక్కి తీశాను, చుక్క దిండు మీద పడింది. దిండు కాబట్టి పోయింది, కన్నయితే? పక్కింటావిడని వేళ అడిగొచ్చి సరిచేశాను.

బస్సుకి తొందరైతే ఒక్క మాట చెప్పండి, ముందే వస్తాను. దానికోసం గడియారాన్ని ముందుకు తొయ్యడం ఎందుకు?

ఇట్లు,
మధ్యాహ్నపు వదిన

తా.క.: పెళ్లయ్యాక మీ అబ్బాయి విండోస్‌నీ, మా అమ్మాయి లైనక్స్‌నీ, కంప్యూటర్‌ని నడిపే ఆ రెండు ఏర్పాట్లనీ ఒకే పెట్టెలో కాపురం పెట్టించారు కదా. తెరవగానే అటా ఇటా అని అడుగుతుంది. గంటా మీటా రెండు వైపులా ఉన్నాయి కాబట్టి నేను మా అమ్మాయి వైపే వెళ్తాను. మీ అబ్బాయి వైపు ఏనాడూ తొంగి చూసి ఎరగను. మా మర్యాద మాకుంది.


వదినగారికి నమస్కారాలు.

నేనూ మావాడి వైపు తప్ప ఇంకోవైపు అడుగు పెట్టలేదని సవినయంగా మనవి.

నిన్న వెళ్లేముందు నా చేతి గడియారంతో సరిచూసి మరీ మూశాను. ఈ పొద్దున మళ్లీ అయిదున్నర గంటలు వెనక. మీ ఉత్తరం అందినప్పటి నుంచీ నాలుగు రోజులుగా ఇదే వరస. నడుమ ఆ కుర్చీలో మీరు తప్ప ఎవరూ కూర్చోలేదు. మావాడికీ కోడలికీ ఆఫీసు కంప్యూటర్లున్నాయి, దీని మొహం చూడటం మానేసి చాలా కాలమైంది. ఇక నేనేమనుకోవాలో మీరే చెప్పండి. వేళ వెనక్కి తిప్పితే నా వంతు పెరిగి మీ వంతు తగ్గుతుందని ఎవరైనా అనుకుంటే, అది జరిగే పని కాదు. సూర్యుడు కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటాడు.

మీకు తెరవగానే గంట మోగుతోందంటే నాకు భయం పట్టుకుంది. నా చుక్క మీదే మీ చుక్క పడుతుందేమోనని, నా చివరి చుక్కని వేళకన్నా కాస్త ముందే వేస్తున్నాను.

కోడలికి ఈ సంగతి చెప్పలేదు. అసలే పిల్ల కంటి బెంగతో సగమైపోయింది.

ఇట్లు,
పొద్దుటి వదిన

తా.క.: కీబోర్డు మీద గుడ్డ కప్పి, దాని మడత గుర్తుపెట్టుకుని వెళ్తున్నాను. ఊరికే చెబుతున్నాను.


వదినగారూ, నమస్కారం.

గుడ్డ చూశాను. మడత బాగానే ఉంది, అంచు కుట్టు మాత్రం ఊడింది. కుట్టి పెట్టాను.

మీరు సూర్యుడి గురించి రాశారు కాబట్టి నేనూ ఒకటి రాస్తాను. పెళ్లిలో అందరం కలిసి ఫొటో దిగేటప్పుడు మీరు మీ వాళ్లందరినీ ముందువరసలో నిలబెట్టి, అమ్మాయి తల్లినైన నన్ను ఒక పొడుగాటి మనిషి వెనక్కి నెట్టారు. ఆ ఫొటోలో నా చెవి ఒక్కటే కనిపిస్తుంది. అదీ వినిపించని చెవి. ఆ రోజే నోరెత్తలేదు, ఈ రోజు గడియారం కోసం ఎత్తుతానా? కానీ మీరు ఎత్తించారు.

ప్రతి మధ్యాహ్నం అయిదున్నర గంటలు ముందే ఉంటోంది. సరిచేసి సరిచేసి నాకు విసుగొచ్చింది. మీ చుక్క ఎప్పుడు పడిందో ఆ యంత్రాన్ని నమ్మి తెలుసుకోలేను కాబట్టి, మంచికే అని నా మొదటి చుక్కని బాగా ఆలస్యం చేసి వేస్తున్నాను.

నేనూ అమ్మాయికి చెప్పలేదు. చెబితే అత్తగారిని ఏమీ అనలేక, తల్లిని ఏమీ అనలేక నలిగిపోతుంది.

ఇట్లు,
మధ్యాహ్నపు వదిన

తా.క.: ఆ పొడుగాటి మనిషి ఎవరో ఇప్పటికీ మా వాళ్లకీ తెలియదు. మీ వాళ్లేనా?


వదినగారికి,

ఇవాళ తా.క. ఉండదు.

పిల్లని పరీక్షకి నేనే తీసుకెళ్లాను. చుక్కలు వేసిన వేళలన్నీ ఆ కంప్యూటర్‌లోంచి కాగితం మీదికి తీసి పట్టుకెళ్లాను, అంతా పద్ధతిగా ఉందని చూపిద్దామని. డాక్టరమ్మ పిల్ల కంట్లో ఒత్తిడి కొలిచింది. మళ్లీ కొలిచింది. తర్వాత ఆ కాగితం తీసుకుని చదివింది. నేను తెల్లవారకముందే చుక్క వేసినట్టు ఒకచోట, మీరు పొద్దుపోయాక వేసినట్టు ఇంకోచోట ఉంది. అది గడియారం తప్పని చెప్పబోయాను. ఆవిడ కాగితం పక్కనపెట్టి, అసలు రోజూ మధ్యాహ్నం ఏ వేళకి వేస్తున్నారని సూటిగా అడిగింది. నేను వేళకి ముందే వేస్తున్నానని, మీరు ఆలస్యంగా వేస్తున్నారని చెప్పక తప్పలేదు.

ఆవిడ గొంతు పెంచలేదు. “మీరిద్దరూ కలిసి ఈ పిల్లకి ప్రతిరోజూ నడిమధ్యాహ్నం మందు లేకుండా చేస్తున్నారు. కన్ను మీ ఇద్దరి మాట తేలేదాకా ఆగదమ్మా. వారం చూస్తాను. తగ్గకపోతే మళ్లీ కత్తి పెట్టాలి” అంది.

బల్ల మీద పిల్ల కాళ్లు ఊపుకుంటూ కూర్చుంది. కత్తి అన్నమాట వినగానే ఊపడం ఆపేసింది.

మీకు నా మీద కోపం ఉంటే నా మీదే చూపించండి. ఆ ఫొటోకి క్షమాపణ చెప్పమంటే చెబుతాను. రేపటి నుంచి నా చివరి చుక్క భోజనానికి ముందు, సరిగ్గా చెప్పిన వేళకే వేస్తాను. మీరు కూడా చెప్పిన వేళకే వెయ్యండి. ఆ యంత్రాన్ని చూడకండి. నా చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టాను, అది చూసి వెయ్యండి. నేను దారిలో ఎవరినైనా అడిగి వేళ తెలుసుకుంటాను.

పొద్దుటి వదిన


వదినగారూ, నమస్కారం.

మీ ఉత్తరం చదివాను. మీ గడియారం చూసి చుక్క వేశాను. పిల్ల పడుకుంది. అప్పుడు ఆ యంత్రం ముందు కూర్చుని, ఇవాళ నువ్వో నేనో తేల్చుకుందాం అనుకున్నాను.

అమ్మాయి వైపు తెరిచి వేళ సరిచేశాను. మూసేసి, ఏమైతే అదే అయిందని మొదటిసారి అబ్బాయి వైపు తెరిచాను. అయిదున్నర గంటలు వెనక ఉంది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. అక్కడ సరిచేసి, మళ్లీ మా వైపు వచ్చాను. అయిదున్నర గంటలు ముందు. చేతులు ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్లూ మీరు చేశారనుకున్న పని నా కళ్లెదుటే, ఎవరూ చెయ్యకుండా జరిగిపోయింది.

అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చేసరికి అలాగే ఉన్నాను. ఇక దాచి లాభం లేదని అంతా చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, నా పక్కన నేల మీద కూలబడింది.

“అమ్మా, ఇందులో నీ తప్పూ లేదు, అత్తయ్య తప్పూ లేదు. పెట్టె లోపలున్న గడియారం ఒక్కటే. ఆయన వైపు దాన్ని చూసి, ఇది మన ఊరి వేళే అనుకుంటుంది. నా వైపు అదే గడియారాన్ని చూసి, ఇది లోకమంతటికీ ఉమ్మడి వేళ, మన ఊరి వేళ కావాలంటే అయిదున్నర గంటలు కలపాలి అనుకుంటుంది. నువ్వు ఇటు దిద్దితే అటు చెడుతుంది, అత్తయ్య అటు దిద్దితే ఇటు చెడుతుంది.”

ఇదివరకు ఇలా కాలేదేమని అడిగాను. నెట్ ఉన్నన్నాళ్లూ ఏ వైపు తెరిచినా బయటి నుంచి సరైన వేళ తెచ్చుకుని సర్దుకునేదట. పిల్ల బొమ్మలు చూసి కళ్లు అలవగొట్టుకుంటుందని నెట్ తీసేయించారు కదా, దాంతో బయటపడింది. ముందే తమకి చెప్పి ఉంటే ఒక్క నిమిషం పని అంది. ఆ మాట మాత్రం కాస్త గట్టిగానే అంది.

తర్వాత తన వైపు తెరిచి ఒకే ఒక్క వరస టైపు కొట్టింది. లోపలి గడియారాన్ని నువ్వు కూడా ఊరి వేళగానే చదువు అని దానికి చెప్పడమట. వేళ దిద్ది, అటూ ఇటూ తెరిచి చూశాం. రెండు వైపులా మీ చేతి గడియారం చెప్పిన వేళే.

మిమ్మల్ని అనకూడని మాటలన్నాను. అన్నీ విప్పేసిన కుట్లనుకోండి.

ఇట్లు,
మధ్యాహ్నపు వదిన

తా.క.: రెండు వైపుల్లో ఎవరో ఒకరు సర్దుకుంటే చాలునట. మా అమ్మాయి వైపే సర్దుకుంది. కొత్తేం కాదనుకోండి.


వదినగారికి నమస్కారాలు.

ముందు శుభవార్త. పిల్ల కంట్లో ఒత్తిడి దిగింది. డాక్టరమ్మ రెండుసార్లు కొలిచి, కత్తి అవసరం లేదంది. నేను మైకులో చెప్పినట్టు ఆ మాట మళ్లీ ఒకసారి పైకి చెప్పానట, వరండాలో అందరూ తిరిగి చూశారు.

మీ తా.క. మావాడికి చదివి వినిపించాను. వాడు తలొంచుకుని, వచ్చేసారి ఏదైనా తేడా వస్తే తన వైపే మారుస్తానన్నాడు. మీరు మొండివారని నేను ఇప్పటికీ అంటాను, కానీ మీ మొండితనమే ఆ యంత్రాన్ని పట్టించింది.

ఇక అసలు సంగతి. మందుల గది ముందు బెంచీ మీద కూర్చున్నప్పుడు పిల్ల, అమ్మమ్మకి ఈసారి ఏం రాస్తున్నావు నానమ్మా అని అడిగింది. నా ఉత్తరాల సంగతి నీకెలా తెలుసే అన్నాను. తను చదవకూడదు కాబట్టి రోజూ మీరే పైకి చదివి వినిపిస్తున్నారట. ఆ గుడ్డ మడత, ఆ సూర్యుడు, అన్నీ పిల్ల వినేసిందా అనుకున్నాను. మెల్లగా, నేనేం రాశానో చెప్పమన్నాను.

పిల్ల గడగడా చెప్పింది. వదినగారి చేతిలో పడ్డాక ఆ కంటికి భయం లేదని రాశానట. వదినగారు కూర్చున్న కుర్చీలో కూర్చుంటే నాకు ధైర్యంగా ఉంటుందని రాశానట. పెళ్లి ఫొటోలో మీ పక్కన నిలబడలేకపోయానని ఇప్పటికీ బాధపడుతున్నానని రాశానట. “నానమ్మా, నువ్వు చాలా బాగా రాస్తావు” అంది.

ఇంటికొచ్చి ఆ వాక్యాలు నేనెక్కడ రాశానా అని ఆలోచించాను. ఎక్కడా రాయలేదు. నేను మిమ్మల్ని అనుమానించిన ప్రతి రోజూ, మీరు నా పేరు మీద ఆ పిల్లకి ఇవి చెబుతూ కూర్చున్నారన్నమాట. నేను మీ ఉత్తరాలు పిల్లకి చదవలేదు. మార్చి చదవవచ్చన్న ఆలోచన నాకు రాలేదు.

వదినా, ఆ మూడు మాటలూ ఇప్పుడు నా చేత్తో రాస్తున్నాను. మీ చేతిలో పడ్డాక ఆ కంటికి భయం లేదు. మీ కుర్చీలో కూర్చుంటే నాకు ధైర్యంగా ఉంది. ఆ ఫొటోకి బాధపడుతున్నాను.

రేపు నేను తర్వాతి బస్సుకి వెళ్తాను. మీరు వచ్చేదాకా కూర్చుంటాను.

ఇట్లు,
మీ వదిన

తా.క.: ఈ ఉత్తరం పిల్లకి ఉన్నదున్నట్టు చదవండి. మొండివారని రాసిన ముక్క కూడా వదలకండి. అంతా పొగడ్తే అయితే ఇది నేను రాసిందేనని నమ్మదు.