మూడో గుంజ జోలికి పోవద్దు

బొగోటా, మే 12

అమ్మా,

నేను కులాసా. ఉద్యోగం ఊడలేదు, బెంగపడకు. మన కంచెల మీద చెవుల్లా మొలిచే లైకెన్లు పద్నాలుగు పొట్లాలు కట్టి తెచ్చాను కదా, మా పరిశోధనశాల పెద్ద బర్రగాన్ డాక్టరుగారు విప్పి చూసి, "అన్నీ ఒకటే బూడిద రేకులు, ఎర్సీలియా! ఇన్ని పొట్లాలు దేనికి?" అని కసిరారు. నేను ఊరుకుంటానా? వాటి మీద నీళ్ళు చిలకరించాను. పావుగంటలో ఒకటి పచ్చగా, ఒకటి నీలంగా, ఇంకోటి తెల్లంచుతో విచ్చుకున్నాయి. ఆయన భూతద్దం తీసి ఒక్కొక్కటీ మళ్ళీ చూశారు. పుస్తకాల్లో ఒక్క పేరే ఉన్నదానికి జన్యుపరీక్షలో తొమ్మిది జాతులు తేలాయి! "నీకెలా తెలిసింది?" అన్నారు. "మా కొండమీద ఎప్పుడూ ముసురే కదండీ, వీటిని ఎండి ఉండగా చూసిందెవరు?" అన్నాను.

నా ఉన్ని శాలువా, ఆ రువానా పంపు, ఇక్కడ చలి. బంగాళాదుంపలు తవ్వారా? ఎర్రావు ఈనిందా? తమ్ముడు ఎవేలియో కంచె గుంజలన్నీ పీకి కొత్తవి పాతుతానన్నాడుగా, పాక వెనక మూడోదాని జోలికి పోవద్దని గట్టిగా చెప్పు. దానిమీద ఉన్నది ఇంతవరకు ఇంకెక్కడా దొరకలేదు. నాన్నను నన్ను దీవించమని చెప్పు. ఎర్రావును మాత్రం ఆ గుంజకు కట్టకండి. అది ఒక్కసారి నాకిందంటే లోకంలో ఆ జాతే మిగలదు.

నీ ఎర్సీలియా