తుమ్మ ట్రేలో బీర తీగ

తోటపని ట్రైనింగ్ చూసుకునే గజేందర్ సారుకు, పుష్ప నానమ్మ చెప్పి రాయించే సంగతి.

ఈ ఎండాకాలం మీ తోటల పని నేర్చుకుంటున్న నా మనవరాలికి సర్టిఫికెట్ ఇయ్యనన్నవట. ఫుట్‌బాల్ స్టేడియం చుట్టూ నాటేటందుకు తుమ్మ గింజలిచ్చి ఇంటికాడ మొలిపించమంటే, దాని ట్రేల బీర తీగ వచ్చిందని అందరి ముందు నవ్వినవట. ఆ బీర గింజలు పెట్టింది నేను. దానికి తెల్వదు. పన్నెండు దినాలు ఒక్క మొలక రాక పిల్ల అన్నం మానేస్తే, చూడలేక మార్చిన.

"తప్పైంది, మాఫ్ చెయ్యమని రాద్దాం" అంటున్నది, ఈ ఉత్తరం రాస్తున్న పక్క రూము సుర్రయ్యా. రాయకు అన్న. తప్పు సగమే నాది. తుమ్మ గింజ రాయి లెక్క ఉంటది. మా ఊర్లె మేక కడుపుల పడి వస్తెగాని మొలవదు. ఈ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే బస్తీల రెండో అంతస్తు రూముకు మేకను యాడికెళ్లి తేవాలె? నానబెట్టకుండ ఉత్తగ పాతమన్నది నువ్వే కద సారూ.

నీ గింజలు నేను పారెయ్యలే, కొంగున ముడేసుకున్న. పోయిన వారం పుష్పతోనే వేడినీళ్లల్ల నానబెట్టించి తడిబట్టల కట్టించిన. ఏం గింజలే నానమ్మా అంటే, నా మోకాళ్ల మందుకన్న. ఇయ్యాల తొమ్మిది మొలిచినయి. పెరుగు డబ్బల పెట్టి ఈ ఉత్తరంతో పంపుతున్న, చూసుకో.

సర్టిఫికెట్ల పుష్ప పేరే రాయి. నాది రాస్తనంటే ఒద్దు, నాకు చదువ రాదు.

బీర తీగ మాత్రం నాది. పీకకు, పందిరెయ్యి.

ఇట్లు,
పుష్ప నానమ్మ వేలిముద్ర