అన్నయ్య తూకం

వదినా, ఇక్కడ మేమిద్దరం క్షేమం. అందులో సగమే నిజం, ఏ సగమో నీకు తెలుసు.

ఇక అన్నయ్యని ఇంటికి తీసుకెళ్లిపొమ్మని ఆస్పత్రి వాళ్లు చెప్పేశారు. మనూరికి విమానంలో గంటే ప్రయాణం. కాకపోతే అది తూనీగంత విమానం, సామానుతో పాటు మనుషుల్నీ కాటా ఎక్కిస్తారు. నేనెక్కి, "ఇందులో సగం మా వదిన వంట బరువు, తీసేసి రాసుకోండి" అంటే వరసంతా నవ్వింది. తర్వాత అన్నయ్య ఎక్కాడు. కాటా దగ్గరమ్మాయి ముల్లు చూసి, "మీ వేళాకోళం చాలు బాబాయ్, ఆయన్ని వెనకనుంచి ఎత్తిపట్టుకోకండి" అంది. నా చేతులు రెండూ జేబుల్లోనే ఉన్నాయి. నవ్వింది అన్నయ్య ఒక్కడే.

ఇంతా చేస్తే, గాలి జోరుగా ఉందని విమానం ఎగరలేదు. మళ్లీ శుక్రవారమేనట. బస్సులో రెండు రోజుల కుదుపు అన్నయ్య తట్టుకోలేడు. అందుకే ఈ కార్డు ముందు బస్సెక్కుతోంది.

అన్నయ్య చొక్కాలకు పక్కల కుట్లు వేసి చిన్నవి చెయ్యి. ముందుగదిలో అద్దం తీసెయ్యి. గ్యాస్ బండ వచ్చిందా? పిల్లలకు నా దీవెనలు.

అన్నయ్య దిగగానే ఎవరో అన్నట్టు చూడకు, ఏడవకు. "ఇంతసేపా రావడం!" అని ఎప్పటిలాగే తిట్టు. అది వినడానికే వస్తున్నాడు.

నీ మరిది