స్కూటర్ అద్దం మీద పిచ్చుక

ఏమండీ,

నిన్నటికి మీరు పోయి ఏడాదైంది, ఇంట్లో ప్రార్థన పెట్టించాను. కంకిపాడు నుంచి మీ చెల్లెలు వచ్చింది.

మీ స్కూటర్ ఇంకా వరండాలోనే ఉంది. రోజూ పొద్దున్నే, సరిగ్గా మనం కాఫీ దగ్గర పోట్లాడుకునే టైముకి, ఒక పిచ్చుక వచ్చి దాని అద్దంలో తనని తానే చూసుకుని, ఇంకో పిచ్చుక అనుకుని పొడుస్తోంది. ముక్కు దగ్గర రక్తం వచ్చినా మానదు. పక్కింటి పిల్లి కింద కాచుకుని ఉంటోంది.

"అద్దానికి గుడ్డ కట్టెయ్ వదినా, లేకపోతే అది చచ్చిపోతుంది" అంది మీ చెల్లెలు. మీ కర్చీఫ్ కట్టాను.

ఇవాళ కూడా పిచ్చుక వచ్చింది. కర్చీఫ్ చుట్టూ తిరిగి, సీటు మీద కూర్చుని చాలాసేపు అరిచింది. నూకలు వేస్తే ముట్టలేదు.

దానికి పగవాడు పోయాడో, తోడు పోయిందో నాకు తెలియడం లేదు. ముడి విప్పమంటారా, వద్దంటారా?